బ్యాటరీ బగ్గీకి రిపేరా? తాళం తీసేస్తే సరిపోదు.. ముందు ఈ పనులు చేయండి

పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధులను ప్లాట్‌ఫామ్ మీద దింపేవి అవే. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో సందర్శకులను తిప్పేవి అవే. గేటెడ్ కమ్యూనిటీలు, ఆసుపత్రులు, యూనివర్సిటీలు, రిసార్టులు.. ఎక్కడ చూసినా ఇప్పుడు ఈ చిన్న బ్యాటరీ బండ్లు కనిపిస్తున్నాయి. గోల్ఫ్ మైదానాల కోసం పుట్టిన బండి ఇది. మన దగ్గర కొందరు బగ్గీ అంటారు, కొందరు బ్యాటరీ కారు అంటారు.

పొగ రాదు, చప్పుడు ఉండదు, నెమ్మదిగా వెళ్తుంది. అందుకే దీన్ని చూస్తే ఎవరికీ భయం వేయదు. చిన్న రిపేరు వచ్చిందంటే ‘కాస్త సీటు ఎత్తి చూడు’ అని డ్రైవర్‌కో, వాచ్‌మన్‌కో చెప్పేస్తాం. అతను చేతికి ఉంగరం, జేబులో పానా, కాళ్లకు హవాయి చెప్పులతో సీటు ఎత్తి చూస్తాడు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

బండి మీ అసోసియేషన్‌దైనా, మీరు పనిచేసే సంస్థదైనా, మీ సొంతమైనా ఈ విషయాలు తెలిసి ఉండాలి. పని మీరే చేయకపోవచ్చు. చేసేవాళ్లు సరిగ్గా చేస్తున్నారా లేదా అని చూడటానికైనా ఇవి అవసరం.

సీటు కింద ఏముంటుంది?

చాలా బగ్గీలు 48 వోల్టులతో నడుస్తాయి. పాతవాటిలో 36 వోల్టులవీ ఉన్నాయి. లెడ్ యాసిడ్ రకమైతే సీటు కింద ఒకటి కాదు, నాలుగో ఆరో ఎనిమిదో బ్యాటరీలు వరుసగా కనిపిస్తాయి. 12 వోల్టులవి నాలుగు, 8 వోల్టులవి ఆరు, 6 వోల్టులవి ఎనిమిది.. ఎలా కలిపినా మొత్తం 48 అవుతుంది. ఒక బ్యాటరీ ప్లస్‌ను పక్క బ్యాటరీ మైనస్‌కు లావుపాటి కేబుల్‌తో కలుపుకుంటూ పోతారు. చివరికి మిగిలిన ఒక ప్లస్, ఒక మైనస్ నుంచి రెండు మెయిన్ కేబుళ్లు కంట్రోలర్ వైపు వెళ్తాయి.

ఒక్కో బ్యాటరీ సుమారు 25 నుంచి 40 కిలోల బరువు ఉంటుంది. అందులో సగానికి పైగా సీసమే. మిగిలినదాంట్లో ముఖ్యమైనది నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్.

కొత్త బండ్లలో లిథియం బ్యాటరీ వస్తోంది. అది ఒకే పెట్టెలా ఉంటుంది. దాని సంగతి వేరు, కింద విడిగా చెప్పుకుందాం.

48 వోల్టులే కదా, షాక్ కొట్టదుగా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. దాంతో పోలిస్తే 48 తక్కువే. పొడి చేతితో ముట్టుకుంటే సాధారణంగా పెద్ద షాక్ తెలియదు. చెమట పట్టిన చేతులు, తడి నేల అయితే ఆ ధీమా కూడా పనికిరాదు.

అసలు ప్రమాదం షాక్ కాదు, షార్ట్ సర్క్యూట్. మీ ఇంట్లో 2000 వాట్ల గీజర్ తీసుకునే కరెంటు సుమారు 9 ఆంపియర్లు. అదే బగ్గీలోని ఒక్క బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఇనుప పానా అడ్డంగా పడితే వెయ్యి ఆంపియర్లకు పైగా ప్రవహించవచ్చు. ఇంట్లో అయితే ఎంసీబీ పడిపోతుంది. ఇక్కడ రెండు టెర్మినళ్ల మధ్య ఆపేది ఏదీ లేదు. క్షణాల్లో పానా ఎర్రగా కాలుతుంది, టెర్మినల్‌కు అతుక్కుపోతుంది, కరిగిన లోహం చిమ్ముతుంది. పానాకు బదులు అక్కడ పడింది మీ ఉంగరమో, కడియమో అయితే అది వేలి చుట్టూ ఉండగానే కాలుతుంది. లాగినా రాదు.

రెండో ప్రమాదం గ్యాస్. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ అవుతున్నప్పుడు, ముఖ్యంగా చివరి దశలో, హైడ్రోజన్ వదులుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. గాలిలో అది 4 శాతానికి చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. బ్యాటరీ పగిలితే యాసిడ్ ముఖం మీదకు చిమ్ముతుంది. కేబుల్ లూజు చేసినప్పుడు వచ్చే రవ్వ కూడా అందుకు సరిపోతుంది.

మూడోది బండి కదలడం. పెట్రోలు బండి స్టార్ట్ అయి ఉంటే చప్పుడు చెబుతుంది. బగ్గీ చెప్పదు. తాళం ఆన్‌లో ఉండి, పని చేస్తున్నవారి చేయో, పక్కనున్న పిల్లాడి కాలో పెడల్ మీద పడితే ఉన్నచోటు నుంచే దూకుతుంది.

తాళం తీసేశాం కదా, ఇంకేంటి?

తాళం ఆఫ్ చేస్తే మోటారుకు కరెంటు వెళ్లే పెద్ద స్విచ్ మాత్రమే తెరుచుకుంటుంది. మెకానిక్‌లు దాన్ని సోలినాయిడ్ అంటారు. బ్యాటరీల దగ్గర మాత్రం ఏమీ మారదు. అక్కడ 48 వోల్టులు అలాగే ఉంటాయి.

కంట్రోలర్ లోపల కెపాసిటర్లు ఉంటాయి. అవి కొంత కరెంటును దాచుకుంటాయి. చాలా బగ్గీల్లో సోలినాయిడ్‌కు అడ్డంగా ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. తాళం తీసేసినా దాని ద్వారా ఈ కెపాసిటర్లు ఛార్జ్ అయ్యే ఉంటాయి. అంటే కంట్రోలర్ మీద పనిచేయాలంటే తాళం తీయడం సరిపోదు. బ్యాటరీ కేబుళ్లు కూడా తీయాలి. తీసిన తర్వాతా కాసేపు ఆగాలి.

ఇంకో మెలిక ఉంది. కొందరు లైట్లు, హారన్, మొబైల్ ఛార్జర్ కోసం వరుసలో ఏదో ఒక బ్యాటరీ నుంచి 12 వోల్టుల వైరు నేరుగా లాగేస్తారు. మెయిన్ కేబుళ్లు రెండూ తీసినా ఆ వైర్లలో కరెంటు ఉంటుంది. కాబట్టి సన్న వైర్లు ఎక్కడెక్కడ కలిసి ఉన్నాయో ముందే చూసుకోవాలి.

పనికి ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

* ఉంగరాలు, వాచీ, కడియం, మెడలో గొలుసు, లోహపు తాయెత్తు అన్నీ తీసి పక్కన పెట్టాలి. చొక్కా జేబులోని పెన్ను, తాళంచెవులు కూడా. వంగినప్పుడు జారి పడేవి అవే.

* కళ్లకు పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు, చేతులకు యాసిడ్‌ను తట్టుకునే రబ్బరు గ్లౌజులు, కాళ్లకు బూట్లు ఉండాలి. చూపు కోసం పెట్టుకునే అద్దాలు పక్క నుంచి చిమ్మే యాసిడ్‌ను ఆపలేవు.

* ఇన్సులేషన్ ఉన్న పానా వాడాలి. లేకపోతే నట్టుకు పట్టే కొస మాత్రం వదిలి, పిడి మొత్తం ఇన్సులేషన్ టేపుతో మందంగా చుట్టాలి. పొడుగు పానా కంటే పొట్టిది మేలు. ఒక టెర్మినల్ మీద పెట్టినప్పుడు ఇంకో టెర్మినల్‌ను అందుకోలేనంత పొట్టిగా ఉండాలి.

* పక్కనే ఒక బకెట్ శుభ్రమైన నీళ్లు, కొంచెం వంట సోడా పెట్టుకోవాలి. పైపు నీళ్లు దగ్గరలో ఉంటే ఇంకా మంచిది.

* ఇంకో మనిషి తోడుండాలి. సెల్లార్‌లో ఒంటరిగా ఈ పని చేయకూడదు.

వరుసగా ఏం చేయాలి?

1. ఛార్జర్ తీయండి. ముందు గోడ స్విచ్ ఆఫ్ చేసి, ఆ తర్వాత బండి వైపు ప్లగ్ లాగాలి. ఛార్జింగ్ నడుస్తుండగా ప్లగ్ లాగితే రవ్వలు వస్తాయి. బండి అప్పుడే ఛార్జింగ్ పూర్తయి ఉంటే వెంటనే పని మొదలుపెట్టవద్దు. సీటు ఎత్తి, గాలి ఆడేలా చేసి, గ్యాస్ పోయేదాకా ఆగండి. గాలి ఆడని సెల్లార్ మూల కంటే బయట నీడలో చేయడం మంచిది. ఆ చుట్టుపక్కల సిగరెట్, బీడీ, అగరబత్తి, లైటర్ ఏవీ ఉండకూడదు.

2. బండిని చదును నేల మీద ఆపండి. సెల్లార్ ర్యాంపు మీద అసలు వద్దు. ముందుకు, వెనక్కి వెళ్లే స్విచ్‌ను న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టండి. తాళంచెవి తీసి, పని చేసేవారు తమ దగ్గరే ఉంచుకోవాలి. స్టీరింగ్‌కు ‘పని జరుగుతోంది, ఆన్ చేయవద్దు’ అని రాసిన అట్ట కట్టండి.

3. లైట్లు, ఫ్యాన్, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ ఆఫ్ చేయండి. ఏదైనా నడుస్తుండగా కేబుల్ తీస్తే తప్పకుండా రవ్వ వస్తుంది.

4. సీటు కింద ‘రన్’, ‘టో’ అని రాసిన స్విచ్ ఉంటే దాన్ని ‘టో’ వైపు తిప్పండి. అది కంట్రోలర్‌కు వెళ్లే కరెంటును ఆపుతుంది. కొన్ని బండ్లలో దాని స్థానంలో ఎర్ర ఎమర్జెన్సీ బటనో, ఎంసీబీనో ఉంటుంది. ఒక జాగ్రత్త: ‘టో’లో పెడితే మోటారు ఇచ్చే బ్రేకింగ్ సాయం ఉండదు, బండి సులువుగా దొర్లుతుంది. చక్రాలకు దిమ్మెలు ముందే పెట్టమన్నది అందుకే.

5. ఇప్పుడు ఫోన్ తీసి ఫొటోలు కొట్టండి. పై నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు. ఏ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో స్పష్టంగా కనిపించాలి. కేబుళ్లకు టేపు ముక్కలు అతికించి అంకెలు వేయండి. తర్వాత ఫోన్‌ను బ్యాటరీల మీద కాకుండా దూరంగా పెట్టండి.

6. మెయిన్ మైనస్ కేబుల్‌ను ముందుగా తీయండి. వరుసలో చివరి మైనస్ నుంచి కంట్రోలర్ వైపు వెళ్లే లావుపాటి కేబుల్ ఇది. నట్టు వదులయ్యాక కేబుల్‌ను పైకి తీసి, దాని కొసను టేపుతోనో రబ్బరు తొడుగుతోనో పూర్తిగా మూసి, మళ్లీ టెర్మినల్ మీదకు వాలకుండా పక్కకు కట్టేయండి.

7. తర్వాత మెయిన్ ప్లస్ కేబుల్. దానికీ అదే పద్ధతి.

8. కంట్రోలర్‌లోని మిగులు కరెంటు పోయేదాకా ఆగండి. దీన్ని ఎలా ఖాళీ చేయాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పద్ధతి, అందులో చెప్పిన సమయం పాటించండి. తర్వాత మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, కంట్రోలర్ ప్లస్, మైనస్ల మధ్య చూడండి. సున్నా దగ్గరకు వచ్చిందంటేనే చేయి పెట్టాలి.

9. బ్యాటరీలనే బయటకు తీయాల్సి వస్తే, వరుస మధ్యలో ఉన్న కలుపు కేబుల్‌ను ముందు తీయండి. మెయిన్ కేబుళ్లు తీసినా మొదటి బ్యాటరీకి, చివరి బ్యాటరీకి మధ్య ఇంకా 48 వోల్టులు ఉంటాయి. మధ్య కేబుల్ తీస్తే అది 24, 24గా విడిపోతుంది. ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటిగా తీయవచ్చు. తీసిన ప్రతి టెర్మినల్ మీద రబ్బరు ముక్కో, మందపాటి పొడి గుడ్డో కప్పుతూ పోవాలి.

ముందు మైనస్ ఎందుకు?

మామూలు కార్లలో బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలుపుతారు. ముందు ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది. మైనస్ ముందు తీసేస్తే ఆ దారి తెగిపోతుంది. చాలా బగ్గీల్లో మెయిన్ బ్యాటరీ వరుసను ఛాసిస్‌కు కలపరు. అయినా యాసిడ్, మురికి పేరుకున్న చోట్ల, తర్వాత ఎవరో అదనంగా లాగిన 12 వోల్టుల వైర్ల దగ్గర బాడీకి దారి ఏర్పడి ఉండొచ్చు. అది బయటకు కనిపించదు. అందుకే ఏ బండికైనా విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర అన్న ఒకే అలవాటు పాటించాలి.

ఒక్కటి మాత్రం మరవద్దు. ఏ వరుసలో విప్పినా, పానా రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే షార్ట్ తప్పదు. బ్యాటరీకి ఆఫ్ స్విచ్ లేదు.

లిథియం బ్యాటరీ అయితే?

లిథియం ప్యాక్‌లో బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ కాపలా ఉంటుంది. వోల్టేజీ, వేడి, కరెంటు హద్దు దాటితే అదే సరఫరా ఆపేస్తుంది. ప్యాక్ మీద స్విచ్ ఉంటే ముందు దాన్ని ఆఫ్ చేసి, తర్వాత పైన చెప్పిన వరుసలోనే కేబుళ్లు తీయాలి. యాసిడ్ ఉండదు, మామూలు ఛార్జింగ్‌లో హైడ్రోజన్ రాదు. షార్ట్ సర్క్యూట్ ప్రమాదం మాత్రం ఉంటుంది.

ప్యాక్ పెట్టె మూత విప్పడం కంపెనీ శిక్షణ పొందిన టెక్నీషియన్ పని. బీఎంఎస్ ఆపేస్తోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపించుకోవద్దు. ప్యాక్ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా, పొగ కనిపించినా, లోపలి నుంచి బుసకొట్టినట్టు శబ్దం వచ్చినా విప్పే ప్రయత్నం చేయకుండా అందరినీ దూరంగా పంపి ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి. ఒకసారి మంట ఆరినా లిథియం బ్యాటరీ మళ్లీ అంటుకోవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు

విప్పడంలో జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా బిగించడంలో తొందరపడతారు. ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కో కేబుల్ సరిచూడండి. స్విచ్ ‘టో’లోనే ఉండాలి, తాళం ఆఫ్‌లోనే ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, ఆరనివ్వండి. ఆ నీళ్లు ఒక్క చుక్క కూడా బ్యాటరీ లోపలికి పోకూడదు, మూతలన్నీ గట్టిగా మూసి ఉండాలి.

ముందు కలుపు కేబుళ్లు బిగించాలి. మెయిన్ కేబుళ్లు కలిపే ముందు మొదటి ప్లస్‌కు, చివరి మైనస్‌కు మధ్య మల్టీమీటర్ పెట్టండి. బాగా ఛార్జ్ అయిన 48 వోల్టుల లెడ్ యాసిడ్ సెట్ 51 వోల్టుల దగ్గర చూపిస్తుంది. అంతకంటే చాలా తక్కువ వచ్చిందంటే ఏదో ఒక బ్యాటరీ తిరగబడి ఉండొచ్చు, లేదా పాడై ఉండొచ్చు. అక్కడే ఆగి మళ్లీ చూడండి. ప్లస్, మైనస్ తారుమారుగా కంట్రోలర్‌కు కలిపితే అది కాలిపోతుంది. బండిలో ఖరీదైన భాగాల్లో అదొకటి.

అన్నీ సరిగ్గా ఉంటే మెయిన్ ప్లస్, చివరగా మెయిన్ మైనస్. చివరి కేబుల్ తగిలించేటప్పుడు చిన్న రవ్వ రావొచ్చు, అది కెపాసిటర్లు నిండటం వల్ల. పెద్దగా, ఆగకుండా రవ్వలు వస్తే కేబుల్ వెనక్కి తీసేసి తప్పు వెతకాలి. నట్లు లూజుగా ఉంటే బండి నడిచేటప్పుడు అక్కడే వేడెక్కి టెర్మినల్ కరుగుతుంది. మరీ బిగిస్తే సీసం టెర్మినల్ విరుగుతుంది. మాన్యువల్‌లో చెప్పినంతే బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి.

యాసిడ్ పడితే, మంట వస్తే?

కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు ఆగకుండా శుభ్రమైన నీళ్లతో కడగాలి. కడిగిన తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. మంట తగ్గిందని ఇంటికి వెళ్లిపోవద్దు. కంట్లో, ఒంటి మీద వంట సోడా వేయకూడదు, అది నేల మీద, బండి మీద పడిన యాసిడ్ కోసమే. బట్టల మీద పడితే ఆ బట్టలు విప్పేసి, చర్మాన్ని ధారగా పడే నీళ్లతో కడగాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంబులెన్సుకు 108, ఫైర్ సర్వీసుకు 101, అన్ని అత్యవసరాలకూ 112. బగ్గీ ఛార్జింగ్ పెట్టే చోట గోడ మీద ఈ మూడు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాయించండి.

అసోసియేషన్‌ను ఏం అడగాలి?

మీ కమ్యూనిటీలో బగ్గీ ఉంటే వచ్చే మీటింగులో ఈ ప్రశ్నలు అడగండి. బ్యాటరీ పని ఎవరు చేస్తున్నారు, వారికి ఎవరైనా నేర్పించారా? కళ్లద్దాలు, గ్లౌజులు, ఇన్సులేషన్ పానా కొన్నారా? ఛార్జింగ్ చేసే చోట గాలి ఆడుతుందా? మాన్యువల్ ఎక్కడుంది? మెయింటెనెన్స్ కాంట్రాక్టులో బ్యాటరీలు ఉన్నాయా లేదా?

డిస్టిల్డ్ వాటర్ పోయడం వంటి చిన్న పనులు శిక్షణ ఇస్తే డ్రైవర్ చేయగలడు, అప్పుడు కూడా కళ్లద్దాలు తప్పనిసరి. కేబుళ్లు విప్పడం, కంట్రోలర్ చూడటం మాత్రం తెలిసిన టెక్నీషియన్‌కే వదలాలి. ‘నాకు రాదు సార్’ అని డ్రైవర్ అంటే అతణ్ని బలవంతపెట్టకండి. సర్వీస్ ఛార్జీ మిగులుతుందని అతని కళ్లను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

పాత బ్యాటరీలు ఏం చేయాలి?

పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. కేంద్రం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాడైన బ్యాటరీలను మిగతా చెత్తతో కలపకూడదు. వాటి సేకరణ, మరమ్మతు లేదా రీసైక్లింగ్ చేసేవారికే ఇవ్వాలి. కొత్త సెట్ కొనేటప్పుడు పాతవి డీలర్‌కే ఇస్తే ధరలో కొంత తగ్గింపు అడగవచ్చు. తీసుకున్నట్టు రసీదు తీసుకోండి. అప్పగించేదాకా వాటిని నిటారుగా, మూతలు పైకి ఉండేలా, టెర్మినళ్ల మీద టేపు వేసి, పిల్లలకు అందని చోట పెట్టండి. బండి నుంచి తీసేసినా వాటిలో ఇంకా ఛార్జ్ ఉంటుంది.